మూడుసార్లు బిగించిన చొక్కా

1944లో నాకు ముప్పై రెండేళ్లు. మదనపల్లె బజారు వీధిలో వేరుశెనగ మండీకి ఎదురుగా చిన్న అంగడి పెట్టుకుని బట్టలు కుట్టేవాణ్ణి. కాలి మిషను ఒకటి, కత్తెర్లు రెండు, బొగ్గుల ఇస్త్రీపెట్టె ఒకటి, ఇదీ నా ఆస్తి. బోర్డు లేదు. దస్తగిరి అంగడి అంటే ఎవరైనా చూపించేవారు. మా నాయన దగ్గర పని నేర్చుకున్నాను. తెలుగు బడిలో ఐదో తరగతి దాకా చదివాను, ఆ చదువుతోనే ఇది రాస్తున్నాను. దర్జీ పని గురించి అడిగేవాళ్లు నన్ను కోటు ఎలా కోయాలి, షేర్వాణీ భుజం ఎలా నిలబెట్టాలి అని అడుగుతారు. నేను మాత్రం ఒక తెల్ల చొక్కా గురించి చెబుతాను. దాన్ని నేను కుట్టలేదు. కుట్టి ఉన్నదాన్ని తగ్గించాను, అంతే.

అది యుద్ధకాలం. బట్టకు కంట్రోలు వచ్చింది. కార్డు పట్టుకుని వరుసలో నిలబడితే దొరికేది ముతక బట్ట, అదీ ఒకరికి సరిపోతే ఇంకొకరికి చాలదు. కొత్త తాను పరిచి కత్తెర పెట్టే యోగం నెలకు ఒకటి రెండుసార్లు వచ్చేది. మిగతా రోజులన్నీ ఆల్టరేషనే, అంటే పాత బట్టను విప్పి, తగ్గించో పెంచో, మళ్లీ మనిషికి పనికొచ్చేలా చెయ్యడం. కాలర్ అరిగితే విప్పి తిరగేసి కుట్టేవాణ్ణి. కోటు రంగు పోతే మొత్తం విప్పదీసి లోపలి వైపు బయటికి తెచ్చేవాణ్ణి. అలా తిరగేసిన కోటుకు పైజేబు కుడివైపుకు వచ్చేస్తుంది. కుడివైపు పైజేబు ఉందంటే అది తిరగేసిన కోటని ఊరందరికీ తెలుసు. అయినా ఎవరూ నవ్వేవారు కాదు, అందరి కోట్లూ అవే.

మా ఊరి గాలి రొమ్ముకు మంచిదని పేరు. ఊరి బయట నాలుగైదు మైళ్ల దూరంలో క్షయరోగుల ఆసుపత్రి ఉంది. ఎక్కడెక్కడి నుంచో రోగులు వచ్చేవారు. అక్కడ మంచం దొరకడం అంటే మాటలు కాదు. బరువు చూసి, పేరు రాసుకుని, ఖాళీ అయినప్పుడు కార్డు రాస్తామని చెప్పి పంపేవారు. ఆ కార్డు కోసం ఊళ్లో గదులు అద్దెకు తీసుకుని నెలల తరబడి కాచుకునేవాళ్లు ఉండేవారు. పాలు పోసేవాడు, గుడ్లు అమ్మేది, జట్కావాడు, గదికి సున్నం కొట్టి అద్దెకిచ్చే షావుకారు, అందరూ వాళ్ల మీద బతికేవారు. వాళ్లే వీధిలో ఎదురైతే మాత్రం ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకునేవారు. అది చూస్తే నాకు ఒళ్లు మండేది.

బజారులో ఉన్న మిగతా ఇద్దరు దర్జీలు రోగుల బట్టలు ముట్టేవారు కాదు. నేను తీసుకునేవాణ్ణి. ధర్మాత్ముణ్ణని కాదు, పని లేని రోజులు. అంగడి వెనక పెద్ద కుండలో బట్టల సోడా వేసి ఆ బట్టలు ఉడకబెట్టి, రెండు రోజులు ఎండలో వేసి, ఆ తరువాతే మిషను కింద పెట్టేవాణ్ణి. నా భార్య ఆ కుండను ఇంటి గడప దాటనివ్వలేదు. ఇంట్లో ముగ్గురు పిల్లలు, ఆమె భయం ఆమెది. నేనూ మారు మాట్లాడలేదు.

ఆ ఏడు ఉగాది దాటిన కొన్నాళ్లకు మునిరత్నం అయ్యవారు మా అంగడికి వచ్చారు. కుప్పంలో బడి అయ్యవారు. ఇరవై ఎనిమిదేళ్లు ఉంటాయి, పెళ్లి కాలేదు. చిన్నప్పుడే తల్లి పోతే అక్క చెంగమ్మ ఎత్తుకుని పెంచింది. ఆమెను సోమల దగ్గర ఒక పల్లెకు ఇచ్చారు. తమ్ముడు దగ్గితే రక్తం పడుతోందని తెలిసి మొగుణ్ణీ సేద్యాన్నీ వదిలిపెట్టి వచ్చి, ఊళ్లో ఒక గది తీసుకుని ఆయనకు వండిపెడుతూ కాచుకుని ఉంది. ఆసుపత్రిలో పేరు రాయించారు. మూడు నెలలు పట్టవచ్చన్నారట.

ఆయన తెచ్చింది రెండు తెల్ల చొక్కాలు, రెండింటికీ కాలర్ తిరగెయ్యాలి. అంగడి మెట్టు మీద నిలబడే మాట్లాడారు, లోపలికి రాలేదు. వాళ్లకు ఆ అలవాటు ఊరే నేర్పింది. నేనే చెయ్యి పట్టి లోపల బల్ల మీద కూర్చోబెట్టాను.

"సాయిబూ, ఇవి యాల కుట్టించినానో తెల్సునా? బడికి ఇనస్పెక్టరు వస్తాడని," అన్నారు నవ్వుతూ. "అప్పుడు సరిగ్గా ఉండె. ఇప్పుడు సూడు, ఇందులో ఇద్దరం దూరొచ్చు."

అంటూ కాలర్‌కూ మెడకూ మధ్య వేళ్లు పెట్టి చూపించారు. రెండు వేళ్లు సులువుగా పట్టాయి. నేను టేపు తీసి చెస్ట్ కొలిచాను. చెస్ట్ అంటే చంకల కిందుగా రొమ్ము చుట్టుకొలత, మనిషి ఊపిరి వదిలాక చూడాలి. ముప్పై మూడు అంగుళాలు వచ్చింది. ఆ మనిషి ఎత్తుకు అది తక్కువ. కాలర్లు తిరగేసి ఇచ్చి పంపాను, చొక్కాలు తగ్గించమని ఆయనా అడగలేదు.

పది రోజుల తరువాత చెంగమ్మ ఒక్కతే వచ్చింది. పొట్టి మనిషి, మాట ఖచ్చితం. చొక్కా ఒకటి కొంగు చాటున పెట్టుకుని ఉంది.

"అన్నా, ఒక మాట అడగాల. కోపం చేసుకోగూడదు."

"చెప్పమ్మా."

"మావోడు తిండి మానేసినాడు. గుడ్డు పెడితే పక్కకు తోస్తాడు. పాలు అట్లే పెట్టేస్తాడు. దినామూ పొద్దున లేస్తానే సొక్కా ఏసుకోని కాలర్లో వేళ్లు పెట్టి సూసుకుంటాడు. మొన్న రెండు పట్టె, ఈ పొద్దు మూడు పట్టె, ఇంగ తిని ఏం లాభమక్కా అంటాడు."

"డాక్టరేమన్నాడు?"

"బాగా తినల్ల, దిగులు పడగూడదు, మంచం దొరికేదాకా అదే మందు అన్నాడు." చొక్కా తీసి నా మిషను మీద పెట్టింది. "దీన్ని వానికి తెలీకుండా రోంత తగ్గియ్యి. బిగుతయితే ఒళ్లు పడతాండాది అనుకుంటాడు. అనుకుంటే తింటాడు. తింటే నిజంగానే ఒళ్లు పడతాది."

"అది అబద్ధం కదమ్మా," అన్నాను.

"నేను సెప్తాండానా, నువ్వు సెప్తాండావా? సొక్కా సెప్తాది, అంతే గదన్నా."

నాకు నవ్వొచ్చింది. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు, ఒక ప్రాణం కోసం రెండు కుట్లు వేస్తే ఏం పోతుందిలే అనుకున్నాను. అయితే చిక్కల్లా కొలత. మనిషి ఎంత ఉన్నాడో తెలియకుండా చొక్కా ఎంత తగ్గించను? గుడ్డిగా తగ్గిస్తే వేసుకోగానే గుట్టు బయటపడుతుంది. చెంగమ్మ దానికీ ఉపాయం ఆలోచించే వచ్చింది. గంగమ్మకు మొక్కుబడి దారం కట్టాలని తమ్ముడికి చెప్పి, నూలుదారం రొమ్ము చుట్టూ తిప్పి, కొస దగ్గర ముడివేసి తెచ్చింది. నేను దాన్ని టేపు మీద పెట్టి చూశాను. ముప్పై రెండుంపావు.

ఇక పని చెబుతాను. ప్రతి చొక్కాకూ పక్క కుట్టుకు లోపల కొంత బట్ట మడిచి వదులుతాం, దాన్ని మార్జిన్ అంటాం. తగ్గించాలంటే పక్క కుట్టు విప్పి ఇంకొంచెం లోపలికి కుట్టడమే. అది ఎవరైనా చేస్తారు, చేసినట్టు తెలియకుండా చెయ్యడమే కష్టం. కొత్త దారం వేస్తే తెల్లగా మెరుస్తుంది. అందుకని ఆ చొక్కా అంచులోంచే పాత దారం పోగులు లాగి, ఆ దారంతోనే చేత్తో కుట్టాను. పాత కుట్టు ఉన్నచోట సూది రంధ్రాల వరస కనిపిస్తుంది. తడిపి, గోటితో రుద్ది, ఇస్త్రీ చేసి దాన్ని మాయం చేశాను. మెడ దగ్గర గుండీ అర అంగుళం జరిపాను. ఒళ్లు ముప్పావు అంగుళం తగ్గితే చొక్కా ఒకటిన్నర అంగుళాలు తగ్గించాలి, అప్పుడే బిగుతు తెలుస్తుంది. పని ముగిశాక చొక్కాను చేతుల్లో తిప్పి చూసుకుని మురిసిపోయాను. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, నా జన్మలో అంత శుభ్రమైన పని ఇంకొకటి చెయ్యలేదు. రెండో చొక్కాకు కూడా అలాగే చేసిచ్చాను.

వారానికి చెంగమ్మ మొహం వెలిగిపోతూ వచ్చింది.

"రెండు గుడ్లు తిన్న్యాడన్నా! ఇంగా ఉండాదా అని అడిగినాడు!"

నాకు కూడా సంతోషమైంది. ఆ మధ్యాహ్నం టీ కూడా తెప్పించి ఇచ్చాను ఆమెకు. అంగడి ముందు నిలబడి గ్లాసు ఊదుకుంటూ తాగింది. గదిలో ఉన్న అద్దం పగిలిపోయిందని చెప్పి ఎప్పుడో దాచేశానని కూడా అప్పుడే చెప్పింది.

రెండు నెలల్లో మూడుసార్లు ఆ చొక్కాలు తగ్గించాను. చెంగమ్మ మూడు దారాలు తెచ్చింది, ఒకదానికంటే ఒకటి పొట్టి. మూడోది కొలిచిన రోజు నమ్మలేక టేపు రెండోసారి పెట్టి చూశాను.

"అమ్మా, తింటాండాడు కదా, మరి దారం యాల తగ్గతాండాది?" అని అడిగాను.

దారాన్ని వేలికి చుట్టుకుంటూ, "జబ్బు గూడా తింటాండాదన్నా," అంది. "వాడు తినకుంటే ఇంగా పొయ్యుండేది. మంచం ఒకటి దొరికితే సాలు, ఆడికి పోతే వాళ్లు సూసుకుంటారు. అంతదాకా నిలబెట్టుకోవాల, అంతే."

ఆ మాట నాకు సబబుగానే తోచింది. మంచం దొరికేదాకా ఆయన తినాలి, ఆశ వదలకూడదు. దొరికాక ఆసుపత్రి వాళ్లు బరువు చూసి ఏం చెప్పాలో వాళ్లే చెబుతారు. మా పని అక్కడితో అయిపోతుంది. మంచం వస్తే ఆయన వద్దంటాడన్న ఆలోచన మా ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు. కిటికీలన్నీ మూసుకుని తలుపు తెరిచి పెట్టుకున్నాం.

జ్యేష్ఠమాసంలో ఒకరోజు అయ్యవారే అంగడికి వచ్చారు. బుగ్గల మీద ఎరుపు, కళ్లలో మెరుపు. ఆ ఎరుపు జ్వరానిదని తెలిసినా, చూస్తే బాగున్నాడనే అనిపిస్తుంది. లోపలికి వచ్చి తానే బల్ల మీద కూర్చున్నారు.

"సాయిబూ, ఈ చొక్కా పట్టడంల్యా. గుండీ పెడితే గొంతు బిగిస్తాండాది. రోంత వదులు చెయ్యి," అన్నారు.

నేను తగ్గించిన చొక్కాను వదులు చెయ్యమని ఆయన నన్నే అడిగారు. ఏం చెయ్యాలో తోచక అలవాటు కొద్దీ టేపు తీశాను. చేతులెత్తి నిలబడ్డారు. పక్కటెముకలు చొక్కా మీదుగా నా వేళ్లకు తగిలాయి. ముప్పైన్నర. అంతవరకు ఏనాడూ నేను ఆయనతో నోటితో అబద్ధం చెప్పలేదు.

"ఎంత ఉండాది?" అని అడిగారు.

"ముప్పై మూడున్నర," అన్నాను.

"పోయినసారి ముప్పై మూడే కదా?"

"అవునయ్యోరూ."

ఆయన నా భుజం తట్టారు. ఊళ్లో ఎవరూ ముట్టుకోని మనిషి, తానూ ఎవరినీ ముట్టుకోకుండా ఒదిగి తిరిగే మనిషి, సంతోషం పట్టలేక నా భుజం తట్టారు. మెడ గుండీ కొంచెం వదులు చేసి ఇచ్చాను. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

తరువాతి మంగళవారం మధ్యాహ్నం. మండీ షావుకారు కొడుకు పెళ్లి షేర్వాణీకి కాజాలు కుడుతున్నాను. కాజా అంటే గుండీ దూరే కన్నం, దాని అంచు చేత్తో ఒక్కో పోగు కట్టుకుంటూ రావాలి. మధ్యలో చెయ్యి వణికితే మొత్తం చెడుతుంది. పన్నెండు కాజాలు సాయంత్రానికి ఇస్తానని మాటిచ్చాను. షావుకారు గుమాస్తా ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. ఎండలో నడిచి అయ్యవారు వచ్చారు, ఆయాసపడుతూ, నవ్వుతూ.

"కార్డు వచ్చింది సాయిబూ!"

"ఆసుపత్రి నుంచా? మంచిది, మంచిది. ఎప్పుడు పోవాలంట?"

"రేపు సాయంత్రం లోపల రమ్మన్నారు. నేను పోను," అన్నారు. "పొద్దున్నే జాబు రాసి పోస్టులో ఏసి వస్తాండాను. నాకు ఒళ్లు బాగుపడింది, నా మంచం ఇంగెవురికన్నా ఇయ్యండి, నాకంటే కష్టంలో ఉండేవాళ్లు శానామంది ఉంటారు అని రాసినా. బడి తెరిచే దినాలు కదా. కుప్పం పోతాను, పిల్లోళ్లు సూస్తాంటారు."

సూది నా వేలిలో దిగింది.

"అక్కకు చెప్పినారా?"

"అక్క విత్తనాల పనుందని నిన్న సోమలకు పొయ్యింది. రేపొస్తాది. ఎంత సంతోషపడతాదో సూడు."

"ఒక్కసారి పోయి సూపిచ్చుకోని రాండి అయ్యోరూ. వాళ్లు బరువు సూసి చెప్పనీ," అన్నాను.

ఆయన పెద్దగా నవ్వారు, నవ్వు దగ్గులోకి తిరిగింది. తువ్వాలు నోటికి పెట్టుకుని దగ్గి, ఊపిరి తిప్పుకుని, "బరువు యాల? ముప్పై మూడున్నర అన్నింది నువ్వే కదా!" అన్నారు.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. గుమాస్తాను బయటికి పొమ్మని, తలుపు దగ్గరికి వేసి, చొక్కా విప్పించి చూపించి ఉండాల్సింది. జాబు ఇంకా పోస్టు దాటలేదు. దాటినా, జట్కాలో పోతే గంటకు ఆసుపత్రి, ఆ జాబు లెక్కలోకి తీసుకోకండి, ఈ మనిషి వస్తున్నాడు అని చెప్పి రావచ్చు. ఇవన్నీ నాకు తోచకపోలేదు. ఒకదాని వెంట ఒకటి తోచాయి. కానీ ఆ నవ్వే మొహం మీద ఆ మాట ఎలా వెయ్యను? అడిగింది ఆమె, చెప్పాల్సింది ఆమె, అక్కాతమ్ముళ్ల సంగతి, రేపు వస్తుంది కదా, ఆమే చెప్పుకుంటుంది అనుకున్నాను. గుమాస్తా కాజాల వంక చూస్తున్నాడు. నేను సూది తీసుకున్నాను. అయ్యవారు సెలవు తీసుకుని ఎండలోకి దిగి వెళ్లిపోయారు.

బుధవారం పొద్దున పది గంటల బస్సుకు చెంగమ్మ దిగింది. గదికి పోయి, విని, అక్కణ్ణించి నేరుగా నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. కాళ్లకు ఇంకా పొలం మట్టి ఉంది.

"అన్నా, వాడు జాబు రాసినాడంట. నీకు తెల్సునా?"

"తెలుసమ్మా."

"ఎప్పుడు?"

"నిన్న మద్యాన్నం."

"నిన్ననా," అంది.

ఒక్క మాటే. తిట్టి ఉంటే బాగుండేది. అంగడి మూసి జట్కా పిలిచాను. ఆసుపత్రి ఆఫీసులో ఉన్న గుమాస్తా మంచివాడు, కాగితం తీసి చూపించాడు. పొద్దున టపాలో జాబు వచ్చిందట. వరసలో తరువాతి పేరు పెద్దతిప్పసముద్రం పిల్లది, పద్దెనిమిదేళ్లు. తండ్రితో కలిసి ఊళ్లోనే ఒక సత్రంలో కాచుకుని ఉంటే కబురు పంపారు. గంట ముందు చేర్చుకున్నారు.

"మళ్లీ రాసుకుంటానమ్మా. మూడు నాలుగు నెలలు పట్టొచ్చు," అన్నాడు. నేనే మా అంగడి చిరునామా రాయించాను.

బయట వసారాలో ఒక ముసలాయన గొంతుక్కూర్చుని కంబళి మడతపెడుతున్నాడు. ఆ పిల్ల తండ్రి. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"మీ వాళ్లకు గూడా దొరికెనా తల్లీ?" అని అడిగాడు చెంగమ్మను.

"దొరుకుతాదిలేప్పా," అంది ఆమె. "మీ పాపకు బాగయితాది."

జట్కా ఎక్కాక చెప్పింది. "ఇంగ వానికి సెప్పాల. లేకుంటే రేపే కుప్పం బస్సెక్కుతాడు, ఈ దేహంతో బడికి పోతాడు. నాతో కాదన్నా."

"నేను చెప్తానమ్మా," అన్నాను.

గది ముందు అరుగు మీద అయ్యవారు కూర్చుని ఉన్నారు. పక్కన ట్రంకుపెట్టె, సర్దుకున్న పుస్తకాలు. నేను రెండో చొక్కా అడిగి తీసుకుని, జేబులోంచి చిన్న కత్తెర తీసి, పక్క కుట్టు విప్పడం మొదలుపెట్టాను. ఆయన చూస్తూ కూర్చున్నారు. లోపలి బట్ట బయటికి తీసి ఎండకు పట్టాను. గుడ్డను వెలుగుకు పట్టి చూస్తే సూది రంధ్రాల వరసలు బాగా కనిపిస్తాయి, ఒకదాని పక్కన ఒకటి. బయటి వైపు ఎండకూ ఉతుకుకూ వెలిసిపోయింది, లోపల మడిచిన భాగం తెల్లగా ఉంది.

"ఎన్ని మార్లు?" అని అడిగారు.

"మూడు మార్లు."

ఆయన లోపల తలుపు చాటున నిలబడిన అక్క వైపు చూశారు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగింది. ఆయన తిరిగి నా వైపు చూశారు.

"మరి ముప్పై మూడున్నర?"

నేను తల దించుకున్నాను.

"టేపు తెచ్చినావా?"

"తెచ్చినా."

ఒంటి మీది చొక్కా గుండీలు విప్పి, తీసి పెట్టెపై పెట్టి, చేతులెత్తి నిలబడ్డారు. "ఇప్పుడు కొలువు. పైకి చెప్పు," అన్నారు.

కొలిచాను. పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి, పాఠం అప్పజెప్పించుకునేవాడిలా నిలబడి వింటున్నారు.

"ముప్పై."

"ముప్పై," అన్నారు ఆయన కూడా. తరువాత, "నా మంచం ఎవురికిచ్చిరి?" అని అడిగారు.

"పెద్దతిప్పసముద్రం పాపకు. పద్దెనిమిదేండ్లు."

"బాగా తగ్గిపోయి ఉండాదా?"

"నేను చూళ్లేదయ్యోరూ. తండ్రిని చూసినా."

తల ఊపి, నేను కుట్లు విప్పిన చొక్కా అలాగే తీసుకుని వేసుకున్నారు. పక్కలు తెరుచుకుని ఉన్నాయి. ఆ మనిషి ఇంకొక మనిషి చొక్కా తొడుక్కున్నట్టు కనిపించారు. నేను కుట్టి తెచ్చిస్తానన్నాను. వద్దన్నారు. ఆ రోజు నేను ఏడ్చాను. వీధి మలుపు తిరిగాక, గోడ వైపు మొహం పెట్టుకుని ఏడ్చాను.

ఆ తరువాత ఆయన మళ్లీ తినలేదు. కోపంతో కాదని చెంగమ్మ చెప్పింది. కంచం ముందు కూర్చునేవారట, ముద్ద కలిపేవారట, ఇది కూడా ఆ జబ్బుకే పోతుంది కదక్కా అని చెయ్యి కడుక్కునేవారట. ఆషాఢం చివర్లో కుప్పం పోతానని పట్టుబట్టారు. అవి పెట్రోలు దొరకని రోజులు, బస్సులు బొగ్గు మంటతో నడిచేవి. పుంగనూరు దాటేసరికే ఒక పూట పట్టేది. ఆ పొగలో, ఆ కుదుపులో చెంగమ్మ తమ్ముణ్ణి ఒడిలో పెట్టుకుని కూర్చుంది. బస్సు దగ్గరికి నేను పోయాను. ఆయన నన్ను చూసి చెయ్యెత్తారు. వినాయకచవితి లోపలే పోయారు.

చెంగమ్మ సోమలకు తిరిగిపోతూ మా అంగడి ముందు ఒకసారి ఆగింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నిన్ను ఒక్క మాట గూడా అన్లేదన్నా వాడు. నన్నూ అన్లేదు," అంది. "సొక్కా తగ్గియ్యమని అడిగింది నేను. ఆ పాపం నాది, అది నేను మోస్తా. నిన్నటి దినం నీది."

గడిచిపోయిన ఆ మంగళవారాన్ని ఆమె ఇంకా నిన్నటి దినం అనే అంటోంది. నేను అవునమ్మా అన్నాను. ఆమె బస్సుకు వెళ్లిపోయింది. మళ్లీ నాకు కనబడలేదు.

కార్తీకంలో పోస్టుమాను ఒక కార్డు తెచ్చి నా మిషను మీద పెట్టాడు. మునిరత్నం గారికి మంచం ఖాళీ అయింది, మూడు రోజుల్లో రావాలి అని. చుట్టూ పని ఉంది, పండగ బట్టలు పోగుపడి ఉన్నాయి, ఇద్దరు కూర్చుని కాచుకుని ఉన్నారు. నేను లేచి అంగడి తలుపులు మూసి, ఎండలో నడిచి ఆసుపత్రికి పోయి, ఆ గుమాస్తా చేతికి కార్డు తిరిగిచ్చాను. ఈ మనిషి రాడు, వెంటనే ఇంకొకరికి కబురు పంపండి అని చెప్పాను. అతను నా ఎదురుగానే తరువాతి పేరు చూసి రాశాడు. పెద్దతిప్పసముద్రం పిల్ల ఎలా ఉందని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఈ సంగతి విన్నవాళ్లు కొందరు, చొక్కా తగ్గించడమే తప్పు అంటారు. నలభై ఏళ్లు ఈ పని చేసిన తరువాత కూడా నేను దానికి పూర్తిగా ఒప్పుకోలేకపోతున్నాను. తినని మనిషి తిన్నాడు, రెండు నెలలు నవ్వాడు. దయతో అబద్ధమాడినవాడు అది విప్పాల్సిన వేళ కూడా కనిపెట్టుకుని ఉండాలి, వేళ వచ్చినప్పుడు తన చేత్తోనే విప్పాలి, ఇంకొకరు వచ్చి విప్పుతారులే అని కూర్చోకూడదు. నేను నేర్చుకున్నది ఇదే, నేర్చుకునేసరికి ఆలస్యమైంది. కార్తీకంలో ఆ కార్డు ఇచ్చి రావడానికి నాకు పట్టింది ఒక పూట. జ్యేష్ఠంలో ఆ మంగళవారం కూడా అంతే పట్టేది. ఆ పూట నేను పన్నెండు కాజాలూ పూర్తి చేసి, చెప్పిన వేళకు షేర్వాణీ ఇచ్చేశాను.